ముప్ఫై దాటిన హాజరు

మా యువజన క్లబ్బులో క్యారమ్ పౌడరు డబ్బా ఒకటి నెలన్నర వచ్చేది. ఈ మధ్య పది రోజులకే అడుగు కనబడుతోంది. హాజరు పుస్తకంలో చూస్తే రోజూ అదే పదకొండు మంది కుర్రాళ్లు. పదకొండు మంది ఎంత ఆడితే మాత్రం అంత పౌడరు ఎలా ఖర్చవుతుంది? మొహాలకు రాసుకుంటున్నారేమోనని ఒక్కొక్కణ్ణీ వెలుతురులో నిలబెట్టి చూశాను. వెనకాల నన్ను వాళ్లు హెడ్మాస్టరమ్మ అంటారు. అనుకోనీ.

నిజానికి నాకు తిండి సయించకుండా చేస్తున్న చింత వేరే ఉంది. నెలాఖరులోగా హాజరు ముప్ఫైకి చేరకపోతే గ్రాంటు ఆపేసి, గదిని పన్నులు కట్టే కౌంటరుకి ఇచ్చేస్తామని మున్సిపల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండేళ్లుగా ఆ గది తలుపు తీస్తున్నదాన్ని. కాలేజీ గేట్ల దగ్గర నిలబడి కరపత్రాలు పంచాను. చెప్పులరిగాయే కానీ ఒక్కడంటే ఒక్కడు అదనంగా రాలేదు. అయినా పౌడరు సంగతి మాత్రం బుర్రను తొలుస్తూనే ఉంది. ఓ రోజు మూసేటప్పుడు బోర్డులు రెండూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి వెళ్లాను. మర్నాడు సాయంత్రం అయిదింటికి తలుపు తీస్తే రెండూ తెల్లగా ఉన్నాయి.

ఇక ఉండబట్టలేక, ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం భోజనం మానుకుని వచ్చి మెట్ల పక్కన నిలబడ్డాను. ఒంటిగంటన్నరకి ఎదురుగా ఉన్న బట్టలు కుట్టే కంపెనీ గేటు తెరుచుకుంది. బిలబిలమంటూ అమ్మాయిలు వచ్చారు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వాళ్లు, జుట్టుకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. మా గది ఊడ్చే ఆయమ్మ తన తాళంచెవితో తలుపు తీసింది. నేను వెనకాలే వెళ్లేసరికి బోర్డుల చుట్టూ మూగి, ఒక చేత్తో అన్నం తింటూ రెండో చేత్తో స్ట్రైకరు కొడుతున్నారు. లెక్కపెట్టాను. ఇరవై ఆరు మంది.

ఆయమ్మ నా వంక చూడకుండా చీపురు వంక చూసింది.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"రెండు నెలలైంది. గది ఊరికే పడుంటోంది కదమ్మా."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"మీరు రూలంటారని."

అనేదాన్నే, అబద్ధమెందుకు. ఆ అమ్మాయిల్లో నోరు చురుకైన పిల్ల ఒకతె ఉంది. తక్కినవాళ్లు ఆమెని కత్తెర అని పిలుస్తున్నారు. మా కరపత్రం చూడలేదా అని ఆమెనే అడిగాను.

"చూశాం మేడం. సాయంత్రం అయిదు నుంచి ఏడు అని ఉంది. మేం మిషన్ల ముందు నుంచి లేచేసరికి ఎనిమిదవుతుంది."

ఆ వేళ ఎవరికి కుదురుతుందని పన్నెండేళ్లలో నేను ఎవర్నీ అడగలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు తీరకముందే ఎగిరి గంతేయాలనిపించింది. పదకొండూ ఇరవై ఆరూ కలిపితే ముప్ఫై ఏడు.

తనిఖీకి వచ్చే అధికారిని శుక్రవారం ఒంటిగంటన్నరకే రమ్మన్నాను. ఆయన మంచివాడే. కాకపోతే కళ్లెదుట మనిషి ఉన్నా కాగితం మీద ఉంటేనే నమ్ముతాడు. మూరెడు పొడుగు రిజిస్టరు తెరిచాడు. పేరు, వయసు, చదువు, చిరునామా, ఇలా తొమ్మిది గళ్లు. ఎవరివి వాళ్లే స్వదస్తూరీతో నింపాలన్నాడు.

"రెండింటికి మా గేటు వేసేస్తారు సార్, కాస్త తొందరగా," అంది కత్తెర. ఆట వదిలేసి అందరూ వరసలో నిలబడ్డారు. రాసినవాళ్లు రాసినట్టే పరిగెత్తారు. పెన్ను పట్టి చాలా కాలమైనవాళ్లు మాత్రం అక్షరాలు కూడబలుక్కుంటూ రాశారు.

రెండింటికి అయిదు నిమిషాలుందనగా పంతొమ్మిదో పిల్ల సంతకం పెట్టింది. ముందే పుస్తకంలో ఉన్న కుర్రాళ్లు పదకొండు మందితో కలిపితే సరిగ్గా ముప్ఫై. ఇక చాలు, మీరు వెళ్లండమ్మా అని నేను అనాలి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ముప్ఫై ఏడుంటే మరో రెండేళ్లు మన జోలికి ఎవరూ రారు కదా అని ఆశ పుట్టింది. మాట మింగేశాను. మిగిలిన ఏడుగురికీ ఆ లెక్క తెలియదు. గడియారం చూసుకుంటూనే, నా మొహం చూసి ఆగారు. తొమ్మిది గళ్లూ నింపారు.

శని, ఆదివారాలు క్లబ్బుకి సెలవు. సోమవారం ఉదయమే ఫోనొచ్చింది, గ్రాంటు ఖాయమైందని. ఆ మధ్యాహ్నం తలుపు నేనే తీసి నిలబడ్డాను. వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది. ఎవరూ గట్టిగా మాట్లాడుకోవడం లేదు.

"మిగతావాళ్లేరీ?" అన్నాను.

కత్తెర కాయిన్లు పేరుస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"ఆ రోజు వాళ్లు వెళ్లేసరికి గేటు వేసేశారు మేడం. ఏడుగుర్నీ పనిలోంచి తీసేశారు. ఇప్పుడు వాళ్లకి సాయంత్రాలు ఖాళీయే. అయిదింటికి వస్తామన్నారు."