వెనకగది నిద్ర

గడియారాలు బాగుచేసేవాడికి టైముకి లేవడం చేతకాదని మామగారు మొదటిసారి అన్నప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వారు. అల్లుడు కూడా నవ్వాడు. అదే మాట రోజూ పొద్దున్నే పళ్ళు తోముకునే వేళకి వినిపించడం మొదలయ్యాక మాత్రం అతనికి ఒళ్ళు మండేది. మండి ఏం లాభం? ఇల్లరికం వచ్చినవాడు అలిగి వెళ్ళి కూర్చోవడానికి పుట్టిల్లుందా? పైగా నిజంగానే లేవలేకపోతున్నాడాయె. వానాకాలం వెళ్ళినప్పటి నుంచీ పొద్దున కళ్ళు తెరిస్తే తల దిమ్ముగా, నోరు పిడచగట్టుకుపోయి, కాళ్ళు తనవి కానట్టు ఉండేది. షాపుకి వెళ్ళి బల్ల ముందు కూర్చున్న కాసేపటికి తేరుకునేవాడు.

ఆ సంగతే చెబితే, "చూశావుటే, మనింట్లో ఉంటేనే అల్లుడుగారికి జబ్బు. గడప దాటితే మాయం!" అన్నారు మామగారు. డాక్టరు నాడి చూసి, నిద్ర చాలడం లేదన్నాడు. ఆ ముక్క విని అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. భార్య నవ్వలేదు. అతనికి అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె బేకరీలో పనికి చీకటితోనే, ఇంట్లో స్నానాలు మొదలవకముందే వెళ్ళే మనిషి. మొదట్లో, వీధి చప్పుళ్ళకి మొగుడి నిద్ర చెడకూడదని తాము పడుకునే వెనకగది కిటికీ మూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళేది. ఇప్పుడూ మూసే వెళుతోంది, కానీ దభాలున.

ఇల్లు అమ్మకానికి పెట్టాక మామగారు తెగేసి చెప్పారు.

"మనం కొనుక్కునే ఇల్లు చిన్నది. పడుకుని లేవనివాళ్ళకి అందులో గది లేదు. నా కూతురు నాతో వస్తుంది. ఆ పైన అల్లుడుగారి ఇష్టం."

భార్య తల వంచుకుందే తప్ప ఇదేమిటి నాన్నా అనలేదు.

కొనేవాళ్ళు బేరం ఖాయం చేసేముందు ఇల్లు తనిఖీ చేసే ఆవిడను పంపించారు. చేతిలో టార్చి, చంకలో మడత నిచ్చెన, నడుముకి వేలాడుతూ చెమ్మా గాలీ కొలిచే రెండు మూడు మీటర్లు. కాఫీ ఇచ్చి, కొత్త రంగు వేసిన గోడలు చూపించి సాగనంపేద్దామని మామగారి ఆలోచన. ఆయన వేసిన కుర్చీలో ఆవిడ కూర్చోలేదు. దాని మీదకెక్కి కిటికీ పైచట్టం గోకి చూసింది.

"ఇల్లు చూడ్డానికొచ్చారా, సోదా చెయ్యడానికొచ్చారా?"

"చూడ్డానికేనండీ. కనపడేవన్నీ మీరెలాగూ చూపిస్తారు. కనపడనివి నేను చూసుకోవాలి కదా."

ప్రతి ప్లగ్గూ పరీక్షించింది. గోడలు వేలి కణుపులతో తట్టింది. సామాను జరిపించి వెనకాల చెమ్మ ఉందేమో మీటరు పెట్టి చూసింది. జరిపేవాడు అల్లుడే. షాపు మానుకుని ఇంట్లో ఉండమని హుకుం. బీరువా జరిపినప్పుడల్లా మామగారి మొహం మాడిపోతుంటే, ఎందుకు అబద్ధం చెప్పాలి, అతనికి ప్రాణం హాయిగా ఉంది.

"పొద్దున స్నానాలప్పుడు ఎలా వాడతారో అలాగే వేణ్ణీళ్ళ కుళాయిలు తిప్పి వదిలెయ్యండి," అందావిడ. వంటింట్లో గ్యాస్ గీజరు బుస్సుమని మండింది. ఆవిడ ఒక్కో గదికీ కిటికీలు మూసి, గాలిని కొలిచే మీటరు పట్టుకుని తిరిగింది. వెనకగదిలో అది కీచుమంది. ఆపకుండా కీచుమంది. ఆవిడ పరుగున వచ్చి గీజరు కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, అందర్నీ పెరట్లోకి తోలింది. గాలి ఆడాక నిచ్చెనేసుకుని అటకెక్కింది.

దిగి వచ్చేసరికి ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"గీజరు పొగగొట్టం అటకలోనే ఆగిపోయింది. కప్పులోంచి బయటికి పోవాల్సిన దారి ఎవరు మూశారు?"

"నేనే!" మామగారు రొమ్ము విరుచుకున్నారు. "గొట్టం పక్కనుంచి వాననీళ్ళు కారుతుంటే, పైముక్క కోసేసి చిల్లు మూశాను. ఆ తర్వాత చుక్క కారితే ఒట్టు."

అల్లుడికి ఆ రోజు కళ్ళముందు కదిలింది. సిమెంటు కలిపింది తనే. "పొగ ఎటు పోతుంది మామయ్యా?" అని అడిగాడు కూడా. "గడియారం ముల్లు తిప్పడం కాదయ్యా ఇది. కలుపు," అన్నారాయన.

"ఆ పొగలో ఉండే విషవాయువుకి వాసనుండదండీ," అంది ఆవిడ. "సీలింగు సందుల్లోంచి వెనకగదిలోకి దిగుతోంది. తల దిమ్ము, వికారం, ఒళ్ళు లేవనివ్వకపోవడం. ఇంకాస్త ఎక్కువైతే మనిషి అసలు లేవడు. అక్కడెవరు పడుకుంటున్నారు?"



"ఇది రిపోర్టులో రాస్తారా ఏమిటి?" అన్నారు మామగారు.

"అయ్యో, కొనేవాళ్ళు పసిపిల్లని పడుకోబెడతామన్నది ఆ గదిలోనే!" అత్తగారు గుండెలు బాదుకుంది. "దేవుడు కాపాడాడు ఆ బంగారుతల్లిని."

అల్లుడు ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. ఒకరికి రిపోర్టు, ఒకరికి ఊరివాళ్ళ పసిపిల్ల! పక్కనే నిలబడ్డ మనిషి ఎవరి కంటికీ ఆనలేదు. అప్పుడే పని నుంచి వచ్చిన భార్య, మోచేతుల దాకా పిండితో, పెరటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. అతను విసురుగా ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళి, తన దిండూ దుప్పటీ తెచ్చి మామగారి చేతుల్లో కుక్కాడు.

"ఈ రాత్రికి గదులు మార్చుకుందాం మామయ్యా. గీజరు ఎప్పట్లాగే మండనిద్దాం. వెనకగదిలో మీరు పడుకోండి. పొద్దున టైముకి లేచి చూపించండి."

"అయ్యయ్యో, చచ్చిపోతారు!" అని కేకేసింది అత్తగారు.

అనేశాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. తెలిసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మామగారు దిండు పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఇన్నాళ్ళూ అక్కడ పడుకున్నది నేనే అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

భార్య గుమ్మంలో కూలబడింది. "కిటికీ నేనే మూసేదాన్ని," అంది. "రోజూ నేనే మూసి వెళ్ళేదాన్నండీ."

ఫర్వాలేదు, నీకేం తెలుసు అని అతను అంటాడని అందరూ ఎదురుచూశారు. అతను అనలేదు.