నిండు గ్లాసు

ఆ రోజుల్లో డబ్లిన్ నడిబొడ్డున ఉన్న ఓ పాత పబ్బులో ఆడవాళ్ళకి బీరు అర గ్లాసే పోసేవారు. ఓ సాయంత్రం బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని దిగిన డర్వ్లా నేరుగా కౌంటరు దగ్గరికొచ్చి నిండు గ్లాసు అడిగింది.

"మా తాత పెట్టిన నియమం తల్లీ. నీకు అర గ్లాసే," అన్నాడు యజమాని ఫింటన్.

"సరే బాబాయ్, రెండు అర గ్లాసులు పొయ్యి. పక్కనే ఓ పెద్ద ఖాళీ గ్లాసు పెట్టు."

అందరూ చూస్తుండగా ఆమె రెండింటినీ పెద్ద గ్లాసులోకి తీరిగ్గా వంపింది. చలిమంట దగ్గర కూర్చున్న ముసలాళ్ళు గొల్లున నవ్వారు.

"మీ తాత నియమం బీరుపాలైందిరా ఫింటన్!"

మొహం ఎర్రబడ్డా ఫింటన్‌కీ నవ్వాగలేదు. "ఇకనుంచి ఆడవాళ్ళకీ నిండుగానే పోస్తాలే," అన్నాడు.

డర్వ్లా మూతికంటిన నురగైనా తుడుచుకోకుండా వీధి తలుపు బార్లా తెరిచి, చలిలో నిలబడ్డ ఫ్యాక్టరీలోని తోటి ఆడవాళ్ళని కేకేసింది: "రండర్రా, అందరికీ నిండు గ్లాసులే!"