తెరకు అవతలి వైపు

నాగరత్నమ్మ తెచ్చిపెట్టిన ఇత్తడి గంగాళంలో ఇసుక పోసి, అందులోకి దిగి, గోడకున్న మేకును పట్టుకొని నూర్ అహ్మద్ నడుము తిప్పుతున్నాడు. నడుముతో పాటు పాదాలు తిరుగుతాయి, పాదాల కింద గోనెపట్టా తిరుగుతుంది, దాని కింద ఇసుక గరగరమంటూ అడుగున పట్టిన చిలుమునంతా గీకేస్తుంది. పుంగనూరు బజారు వీధిలో ముప్పై ఏళ్లుగా సాగుతున్న ఈ నాట్యాన్ని ఆగి చూసేవాళ్లు ఎప్పుడూ లేరు. ఆ రోజు మాత్రం సంతకు పోయేవాళ్లు కూడా బండ్లు నిలిపి చూస్తున్నారు. ఎందుకంటే ఆ సాయంత్రం సినిమా డేరాలో ఆడబోయే బొమ్మలో కళాయి సాయిబు కనిపిస్తాడని ఊరంతా పాకిపోయింది.

"ఏం సాయిబూ, ఇంగ మా గంగాళాలు నీ కంటికి ఆనతాయా? మెడ్రాసుకు ఎప్పుడు పోతాండావు?" అని నాగరత్నమ్మ ఎదురింటి అరుగు మీంచి అడిగింది.

"ముందు నీ గంగాళంలోంచి బయటికి రానీ తల్లీ, మెడ్రాసు సంగతి ఆనక సూస్తాం," అన్నాడతను. అనడమైతే అన్నాడు గానీ, పొద్దున్నుంచి అతని కాళ్లు ఇసుకలో ఉన్నా మనసు మాత్రం నేల మీద లేదు.

నూర్ అహ్మద్ పొట్టి మనిషి. పిక్కలు గట్టివి, భుజాలు సన్నవి, గడ్డం నెరిసింది. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. పని నేర్చుకునే వయసులో కరిగిన తగరం ఆ చేతి మీద ఒలికింది. అయినా ఎడమచేతివాటం మనిషి కావడంతో ఆ చేత్తోనే దూది పట్టాడు, ఆ చేత్తోనే బతుకు నెట్టుకొచ్చాడు. గంగాళాన్ని బొగ్గుల మీద బోర్లించి తిత్తి ఊదాడు. కాగిందనిపించాక వెల్లకిలా తిప్పి నవసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచింది. తగరం కడ్డీని అలా తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. నల్లటి అడుగున వెండి పొద్దు పొడిచింది. ఇన్నేళ్లు చేసినా ఆ ఒక్క క్షణానికి అతనికి ఒళ్లు పులకరిస్తూనే ఉంటుంది, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు అంతే.

సినిమా గొడవ అంతకు ముందు ఏడాదిది. మదరాసు నుంచి ఒక కంపెనీవాళ్లు రాజుల కథ తీయడానికి వచ్చి మదనపల్లె దారిలో గుట్టల దగ్గర దిగారు. ఎండను నటుల ముఖాల మీదికి తిప్పడానికి వాళ్లు వెంట తెచ్చుకున్న వెండికాగితం పలకలు లారీలోనే వానకు నాని ఊడిపోయాయి. మెరిసే వస్తువు ఏదైనా చేసిపెట్టేవాళ్లు ఉన్నారా అని బజారులో అడుగుతూ వచ్చినప్పుడు, నూర్ అహ్మద్‌కు పెళ్లిళ్లలో బిర్యానీ వండే దేగిసాలు గుర్తుకొచ్చాయి. వాటి మూతలు బండిచక్రాలంత ఉంటాయి. వాటికి కళాయి పూసి, గుట్ట ఎక్కి సూర్యుడికి ఎదురుగా పట్టాడు. బండ నీడలో నిలబడ్డ రాణిగారు "అమ్మో, నా కళ్లు!" అని కేకపెట్టి కూలబడింది. కెమెరా ఆయన పొట్ట పట్టుకొని నవ్వి, మూతకు సుత్తితో అక్కడక్కడా సొట్టలు పెట్టమన్నాడు. అప్పుడు వెలుగు మెత్తబడి రాణిగారి బుగ్గల మీద బుద్ధిగా కూర్చుంది. ఇక ఆ కంపెనీ ఉన్నన్నాళ్లూ నూర్ అహ్మద్ ఆ బండ దిగలేదు.

అక్కడే గంగాధరం అనే బక్కపలచని మనిషి ఒక చిన్న కెమెరా పట్టుకొని తిరిగేవాడు. ఆయనకు రాజూ రాణీ అక్కరలేదు. వాళ్లను ఆడించే డైరెక్టరు గారిని, కిరీటానికి పూసలు కుట్టే దర్జీని, పట్టాలమీద కెమెరాను తోసేవాళ్లను తీసేవాడు. "సినిమా ఎలా తయారవుతుందో జనానికి చూపించాలి సాయిబుగారూ. మీరు నన్ను చూడకండి, మీ పని మీరు చేసుకోండి," అనేవాడు. నూర్ అహ్మద్ ఎంత చూడకూడదనుకున్నా ఒకసారి చూశాడు, చూసి నవ్వేశాడు కూడా.

రాజుల కథ వచ్చింది, ఆడింది, పోయింది. అందులో అతని వెలుగు ఉంది గానీ అతను లేడు. "ఆ మొగం మింద పడింది నా వెలుగప్పా," అంటే పక్కవాడు జంతికలు నములుతూ సరేలెమ్మన్నాడు. ఇప్పుడు గంగాధరం తీసిన చిన్న రీలు వేరే ఏదో పెద్ద బొమ్మకు ముందు వేయడానికి తోడుగా వచ్చింది. మదనపల్లెలో చూసినవాళ్లు బస్సు దిగి నేరుగా అతని దగ్గరికే వచ్చి చెప్పారు. పుంగనూరులో ఆ ఒక్క పూటే ఆట. తెల్లారితే డబ్బా కుప్పం బస్సెక్కి, అక్కడినుంచి రైల్లో ఎటో పోతుంది.

అందరూ చూడటం అతనికి సంతోషమే. కానీ అతనికి కావలసింది ఒక్క మనిషి చూడటం. అతని భార్య అజీజాబీ ఆ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి అతని సంపాదనతో సంసారం నడిపింది, అతని చొక్కాల మసి ఉతికింది, కాలిన వేళ్లకు వెన్న రాసింది. అతను పని చేస్తుంటే మాత్రం ఒక్కనాడూ చూడలేదు. వాళ్లది ఘోషా పాటించే ఇల్లు. బజారు వీధి మలుపు ఆమె వచ్చే చోటు కాదు. అతనేమో సాయంత్రం బావి దగ్గర మసి కడుక్కొని, ఉతికిన బట్టలు కట్టుకొని తెల్లగా ఇంటికి చేరతాడు.

మధ్యాహ్నం సంగటి ముందు కూర్చొని, ఆటకు రమ్మని మళ్లీ అడిగాడు. ఇంట్లో వాళ్ల మాట సగం దక్కనీ, సగం తెలుగు.

"రోజూ నా కళ్ల ముందరే ఉండావు గద అజీ. డేరాకు వచ్చి సూసేది ఏముండాది?" అంది అజీజాబీ. మొగుణ్ణి ఆమె పిలిచేది 'అజీ' అనే.

"నువ్వు సూసేది పని అయిపొయ్యినాక వచ్చే మనిషిని. పని చేసేవాణ్ణి ఒకసారి సూడు అజీజా."

ఆమె ఊరగాయ వేస్తూ చెయ్యి ఆపింది. అతని ముఖంలో ఏం కనిపించిందో గానీ, "ఈ ఒక్కసారే. మళ్లా అడగొద్దు," అంది. నూర్ అహ్మద్ సంగటి సగంలోనే చెయ్యి కడుక్కొని లేచాడు, అంత ఆనందం.

పొద్దు గూకుతుండగా డేరా ముందు జనం కిటకిటలాడారు. లోపల తెరమీద కుండలతో నీళ్లు చల్లుతున్నారు. తడిసిన గుడ్డ అయితే వెలుగు అవతలికి కూడా దిగుతుంది. తెరకు అవతల, తడికలు కట్టిన చోట, ఘోషా ఆడవాళ్లకు చాపలు వేశారు. అజీజాబీ పొరుగింటి ఖుర్షీదాతో కలిసి ఆ తడికల్లోకి పోయి కూర్చుంది. నూర్ అహ్మద్ ఇవతల, తెరకు అతి దగ్గరగా నేల మీద చతికిలబడ్డాడు.

దీపాలు ఆరాయి. ఏవో అక్షరాలు వచ్చాయి. గంభీరమైన గొంతు ఒకటి సినిమా అంటే ఎందరి చెమటో చెప్పడం మొదలుపెట్టింది. డైరెక్టరు గారు గొడుగు కింద చేతులు ఊపారు. దర్జీ సూదిలో దారం ఎక్కించాడు. ఆ తర్వాత బొగ్గుల పొయ్యి, తెల్లటి పొగ, పొగలోంచి తలపాగా, మసి ముఖం! డేరా లేచి నిలబడింది.

"సాయిబూ! ఒరే, మన నూరు సాయిబురా!"

ఈలలు, చప్పట్లు. తెరమీది నూర్ అహ్మద్ మూత మీద దూది తిప్పాడు, మూత ఎత్తుకొని మేకపిల్లలా బండ ఎక్కాడు, సూర్యుణ్ణి పట్టి కిందికి విసిరాడు. చివరికి ఇటు తిరిగి నవ్వాడు. తాను ఇంత చురుకైన మనిషినా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

ఆ డేరాకు ఉన్నది ఒకే మిషను. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలుగుతాయి. వెలిగీ వెలగకముందే అతను తడికల దగ్గరికి పరుగెత్తాడు.

"సూసినావా?"

తడికకు అవతలనుంచి అజీజాబీ గొంతు మెల్లగా వచ్చింది. "సూస్తానే ఉండాను. నువ్వు యాడ వచ్చినావు?"

"యాడ ఏంది! ఆ మూత పట్టుకొని గుట్ట ఎక్కింది ఎవురనుకుంటివి?"

"ఆయన ఎవురో. మొగమంతా మసి, తలగుడ్డ. నీ మాదిరే ఉండాడే అని నేనూ చేతి పక్క సూసినా. ఆయనది కుడి చెయ్యి కాలిపొయ్యుండాది. నీది ఎడమ చెయ్యి గదజీ."

"నేను గూడా సూసినా బావా, కుడి చెయ్యే," అని ఖుర్షీదా సాక్ష్యం పలికింది.

నూర్ అహ్మద్‌కు తల కొట్టేసినట్టయింది. తన చేతుల వైపు తాను చూసుకున్నాడు. నేరుగా మిషను గదిలోకి పోయి, ఆపరేటరు గోవిందప్ప భుజం పట్టుకున్నాడు.

"యాలప్పా ఇట్లా చేస్తిరి? నా చెయ్యి మార్చినారంట!"

విషయం విని గోవిందప్ప ముందు నోరు వెళ్లబెట్టాడు, తర్వాత పగలబడి నవ్వాడు. "తెరకు ఎనకాల్నుంచి సూస్తే అంతా తిరగబడే కనపడతాది సాయిబూ. అక్షరాలు గూడా తిరగబడే ఉంటాయి. ఆడోళ్లు చెప్పలేదా?"

అజీజాబీకీ ఖుర్షీదాకూ తెలుగు అక్షరాలు రావు. అవి ఎటు తిరిగితే వాళ్లకేం? ఎన్నో ఏళ్లుగా ఆ తడికల వెనక కూర్చున్న ఆడవాళ్లు రాజులందరూ ఎడమ చేత్తోనే కత్తి దూస్తారని నమ్ముతూ వచ్చారు.

"మళ్లా రాదప్పా ఆమె. ఒక్కసారే అనింది," అన్నాడు నూర్ అహ్మద్. "ఆ డబ్బా సూస్తే తెల్లారి కుప్పం పోతాది."

గోవిందప్ప నవ్వడం మానేశాడు. చేతిలో ఉన్న చిన్న రీలు వైపు చూశాడు, మిషను వైపు చూశాడు. అతని కళ్లు మెరిశాయి.

"తిప్పి ఎక్కిస్తే?"

"అంటే?"

"ఫిలిమును వెల్లకిలా తిప్పి ఎక్కిస్తే, ఇవతలోళ్లకు తిరగబడతాది, అవతలోళ్లకు సరిపోతాది. మాట గీత అవతలి అంచుకు పోతాది గనక మాట మాత్రం రాదు. జనం నన్ను తంతారు." ఒక క్షణం ఆగి, "తంతే తన్నినారులే. ఎన్నాళ్లకో ఇట్లాంటి పని పడింది," అని రీలు విప్పడం మొదలుపెట్టాడు.

రెండో విరామం తర్వాత పెద్ద బొమ్మ మిగతా కథ కోసం కూర్చున్న జనం ముందు తిరగబడిన అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. గొంతు లేదు, సంగీతం లేదు, మిషను టకటక తప్ప.

"ఏమప్పా గోవిందప్పా, తలకాయ తిరిగిందా?"

"సూసిందే ఎన్ని తూర్లు సూపిస్తావు!"

గోల ఆకాశానికి లేచింది. నూర్ అహ్మద్‌కు అదేమీ వినబడలేదు. తెరకు ఒక పక్కగా, తడికకు ఆనుకొని నిలబడ్డాడు. బొగ్గుల పొయ్యి కనబడగానే, ఎలాగూ ఆ గంభీరమైన గొంతు లేదు కదా అని, తానే అందుకున్నాడు.

"మైమూనా అమ్మా! ఇప్పుడు సూడు! నవసాగరం చల్లతాండా, పొగ సూడు! ఇంగ దూది! యా చెయ్యి? సూడు, యా చెయ్యి?"

నలుగురిలో భార్య పేరు పలకలేక అందుకున్న, పెళ్లయి వాయల్పాడులో ఉన్న కూతురి పేరు అలా డేరా మధ్యలో మోగింది. జనం గోల ఆపి చెవులు రిక్కించారు.

"మూత ఎత్తినా! ఎంత బరువనుకున్నావు! బండ ఎక్కతాండా! కాలు జారతాది, అద్దో, జారలేదు! సూర్యుడు యాడుండాడో ఎతుకుతాండా... దొరికినాడు!"

అప్పుడు తెరకు అవతలి వైపునుంచి, పుంగనూరులో పరాయి మగవాళ్లెవరూ అంతవరకు వినని గొంతు ఒకటి పెద్దగా లేచింది.

"ఆ! ఎడమ చెయ్యే! ఆయనే! మా ఆయనే! ఖుర్షీదా, సూడే! అజీ, మూత ఇంగా పైకెత్తు, రాణమ్మ మొగం మింద పడ్లేదు!"

డేరా విరగబడి నవ్వింది. నవ్వులోంచి చప్పట్లు, చప్పట్లలోంచి ఈలలు. తెరమీది నూర్ అహ్మద్ మూత పైకెత్తాడు, సరిగ్గా ఆమె చెప్పినట్టే. తర్వాత ఇటు తిరిగి నవ్వబోయాడు. అంతలో టప్‌మని శబ్దమైంది. తిరగేసి ఎక్కించిన ఫిలిము తెగింది. తెరంతా తెల్లగా వెలిగిపోయింది. ఆ తెల్లటి వెలుగులో తడిక పక్కన నిలబడి నూర్ అహ్మద్ నిజంగానే నవ్వుతున్నాడు, కళ్లనుంచి నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి.

ఆట ముగిశాక గోవిందప్ప బయటికి వచ్చి, తెగిన చోట అతికించడానికి కత్తిరించేసిన, నవ్వబోతున్న నూర్ అహ్మద్ బొమ్మలున్న జానెడు ముక్కను అతని చేతిలో పెట్టాడు. "అమ్మకు ఇయ్యి. దీపం కాడికి మాత్రం పోనీయొద్దు. భగ్గుమంటాది."

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. మలుపు తిరిగాక అజీజాబీ బురఖాలోంచి అంది.

"అంత పెద్ద మూత మోసుకొని కొండలెక్కేవాడివి, ఇంట్లో చెంబుడు నీళ్లకు నన్ను లేపుతావే!"

"నీకు తెలీదనుకుంటి గదా," అన్నాడతను.

"ఇంగ తెలిసింది," అంది. కొంచెం దూరం పోయాక గొంతు మార్చి, "పని చేసేటప్పుడు ఇంత బాగుంటావని ముప్పై ఏండ్లు ఎవురూ చెప్పలేదజీ," అంది. ఆ రాత్రి నీళ్లచెంబు నూర్ అహ్మద్ తానే తెచ్చుకున్నాడు.

చిన్న రీలు పొద్దున్నే కుప్పం బస్సెక్కింది, మళ్లీ ఆ దిక్కుకు రాలేదు. నూర్ అహ్మద్ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు కళాయి పూశాడు. ఒక ఎండాకాలం పెద్దపంజాణిలో పెళ్లివారి సామానంతా మెరిపించి వచ్చి, ఒళ్లు వెచ్చగా ఉందని పడుకొని, మర్నాడు లేవలేదు. బజారు వీధివాళ్లు చాలామంది వచ్చి మోశారు. గోవిందప్ప కూడా వచ్చాడు.

అజీజాబీ ఆ ఫిలిము ముక్కను తూర్పు కిటికీ చువ్వల మధ్య నిలబెట్టింది. చూడాలనిపించినప్పుడు పగటిపూట వెళ్లి చూస్తుంది. మిగతా సమయమంతా అది అక్కడే ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ దాని అంచుల చిల్లుల్లోంచి వెలుగు చిన్న చిన్న చుక్కలుగా ఎదురు గోడ మీదికి దిగుతూ.