దాచుకున్న నరం

విజయదుర్గకి ముందు వాసన తెలిసేది, తర్వాతే మనిషి కనిపించేవాడు. ఆ కార్తీక సోమవారం కూడా అంతే. చెమట, చీము, నెలల తరబడి ఉతకని బట్ట, వాటన్నిటి మీదా బీడీ కంపు. కర్టెన్ తోసుకుని ఆ వాసన గదిలోకి వచ్చింది, దాని వెనకాలే పాండురంగం వచ్చాడు. ఆవిడ ఉపవాసం. పొద్దున తాగిన గుక్కెడు నీళ్ళు గొంతులోకి ఎగదన్నాయి. మాస్కు పైకి లాక్కుని, "కూర్చోండి" అంది.

ఎవరొచ్చినా "మీరు" అనాలని శిక్షణలో చెప్పారు. అందుకని అంటోంది. అన్నప్పుడల్లా అన్నంలో రాయి పంటికింద పడ్డట్టుండేది.

కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లది. మత్తు కోసం సూదిమందు ఎక్కించుకునేవాళ్ళకి రక్తపరీక్షలు చేయడానికి ఒక సంస్థ కిరాయికి తీసుకుంది. పెద్దాసుపత్రికి రమ్మంటే వాళ్ళు రారు. వచ్చినా లైన్లో ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ముక్కులు మూసుకుంటారు. కాబట్టి పరీక్షే వాళ్ళున్న చోటికి వెళ్ళాలన్నది ఆ సంస్థ వాళ్ళ మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన ల్యాబు మూతపడ్డాక విజయదుర్గ ఇందులో చేరింది. నాలుగు నెలలైంది. వనస్థలిపురంలో ఇంటికి చేరగానే పెరటి బాత్రూములో తలస్నానం చేస్తే గాని దేవుడి గది వైపు తలతిప్పేది కాదు. "రోజూ తలంటు ఏంటే, జలుబు చేస్తుంది" అనేవాడు భర్త భానుమూర్తి. ఎలాంటివాళ్ళకి సూది గుచ్చి వస్తోందో ఆయనకి పూర్తిగా చెప్పలేదు.

ఆవిడ చేతికి మాత్రం పేరుంది. నెలల పిల్లలకైనా, ఒంట్లో నెత్తురు లేని ముసలమ్మలకైనా ఒక్కసారి గుచ్చితే చాలు. పాత ల్యాబులో అందరూ "ఒక్కపోటు దుర్గమ్మ" అనేవారు.

పాండురంగం రావడం ఇది మూడోసారి. మొదటిసారి వేలి కొస గుచ్చి కిట్టు మీద చుక్కవేసి చూశారు. ఎయిడ్స్ గీత రాలేదు, హెపటైటిస్ సి గీత వచ్చింది. లోలోపల కాలేయాన్ని తినేసే జబ్బది. మూడు నెలలు గోళీలు మింగితే పోతుంది, సర్కారు దవాఖానలో ఊరికే ఇస్తారు కూడా. కాని జబ్బు ఇంకా ఒంట్లో ఉందని తేలితేనే ఇస్తారు. అది తేలాలంటే వేలి చుక్క చాలదు, నరంలోంచి ఒక గొట్టం రక్తం కావాలి. రెండోసారి వచ్చినప్పుడు విజయదుర్గ సెలవులో ఉంది. ఆ రోజు పనిచేసినాయన ఐదుచోట్ల పొడిచి, దొరకలేదని పంపేశాడు. ఆ తర్వాత ఐదు వారాలు పాండురంగం పత్తా లేడు. ఇలాంటివాళ్ళని వెతికి తెచ్చే స్వర్ణలత మూడు రోజులు ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ల కింద తిరిగి తిరిగి ఇవాళ పట్టుకొచ్చింది. మీర్‌పేట్ మనిషి ఆమె, తమ్ముణ్ణి ఈ మందుకే పోగొట్టుకుని ఈ పనిలో చేరింది.

"మేడం, ఈసారి పోతే మల్ల దొరకడు," అంది స్వర్ణలత కర్టెన్ దగ్గర నిలబడి, గొంతు తగ్గించి. "కండ్లు చూసిన్రా, పసుపు పూసినట్ల ఉన్నయి. ఒంటిగంటకు బండి ఒస్తది."

నమూనాలు తీసుకెళ్ళే బండి రోజుకి ఒకసారే వస్తుంది. గోడ గడియారంలో పన్నెండు దాటింది.

విజయదుర్గ ట్యూబు మీద పేరు రాస్తూ ఆగింది. "దేవుడి పేరు పెట్టుకుని ఈ పనేంటండీ?"

"నేను పెట్టుకున్ననా మేడం. మా తాత పెట్టిండు. భజన చేసెటోడు. ఆయన్నే అడగాలె, ఆయన లేడాయె."

చెయ్యి చాపించింది. నలభై కూడా లేని మనిషి చెయ్యి కాదది. నరాలుండాల్సిన చోట నల్లటి తాళ్ళు, మోచేతి మడతలో గుంట, గుంట అంచున చీము పొక్కు. రబ్బరు పట్టీ చుట్టబోతే అతను అలవాటుకొద్దీ కొస పళ్ళతో పట్టి లాగాడు. ఎంగిలితో తడిసిన పట్టీని ఆవిడ రెండు వేళ్ళతో ఎత్తి, చెత్త వేసే ఎర్రసంచిలో పడేసి ఇంకోటి తీసింది.

"జర అలవాటైంది," అని నవ్వాడు. ముందుపళ్ళు సగం లేవు.

మొదటి పోటుకి ఏమీ రాలేదు. రెండో చేతికి గుచ్చితే ఒక్క చుక్క కనబడి ఆగిపోయింది. మూడోది అరచేతి వెనక. లోపల సూది ఎండిన తోలుని గీకినట్టయింది. విజయదుర్గ చెవులు వేడెక్కాయి.

"మీతోని గాదు మేడం. ఇటియ్యిన్రి, నేనే తీస్త."

"అలా కుదరదు."

"ఎందుకు గాదు? రోజుకు మూడుసార్లు జేస్త. సర్వీసు మీకంటె నాకే ఎక్వ."

కర్టెన్ వెనక స్వర్ణలత ఫక్కున నవ్వి ఆపుకుంది. విజయదుర్గ నవ్వలేదు. అతను ఆవులింతలు మొదలెట్టాడు. ముక్కు కారుతోంది, చొక్కా చేతికి తుడుచుకుంటున్నాడు. మందు వేళైందన్నమాట. "పోత మేడం" అని లేచాడు.

"ఆగు," అంది. 'మీరు' ఎటో పోయింది. "రోజుకి మూడుసార్లంటున్నావు. ఈ చేతుల్లో నాకే దొరకలేదు. మరి పొద్దున నువ్వెక్కడ పొడుచుకున్నావు?"

పాండురంగం ఎడమకాలు కొంచెం వెనక్కి జరిగింది. అప్పుడు చూసింది విజయదుర్గ. కుడికాలికి రబ్బరు చెప్పు, ఎడమకాలికి మాత్రం లేసు బిగించిన గుడ్డ బూటు.

"ఆ బూటు విప్పు."

"అది గాదు మేడం."

"ఏం, ఎందుక్కాదు?"

"అదొక్కటే ఉన్నది." మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. "అన్ని కరాబైనయి. ఇదొక్కటి దాచుకున్న. గిది గూడ మీరు కరాబు జేస్తె ఇంక మెడకు పొడుచుకోవాలె. మెడకు పొడుచుకున్నోళ్ళు ఎన్ని రోజులుంటరో స్వర్ణక్కనడుగున్రి."

స్వర్ణలత తలొంచుకుంది. విజయదుర్గ ఆ బూటు వంక చూసింది. జనం బంగారం దాచుకుంటారు, పొలం కాగితాలు దాచుకుంటారు. ఈ మనిషి ఒక నరం దాచుకున్నాడు, అదీ ఇందుకు.

"ఒక్కసారే గుచ్చుతాను. రాకపోతే మళ్ళీ ముట్టను."

"ఒట్టేనా?"

"ఉపవాసంలో ఉన్నాను. అబద్ధమాడను."

అతను కాసేపు గడియారం వైపు, కాసేపు గుమ్మం వైపు చూశాడు. తర్వాత కూర్చుని లేసు విప్పాడు.

అప్పటిదాకా ఉన్నది వాసనే కాదనిపించింది. స్వర్ణలత "డాక్టర్ సాబ్‌కి ఫోన్ జేస్త" అంటూ రెండో గదిలోకి తప్పుకుంది. కాలి నరంలోంచి తీయాలంటే ఆయన్ని అడగాలి, నిజమే. కాని ఆమె అంత తొందరగా నడవడం విజయదుర్గ ఎప్పుడూ చూడలేదు. వేళ్ళ సందుల్లో తెల్లగా నానిపోయిన చర్మం, దాని చుట్టూ పొరలు పొరలుగా మట్టి. స్పిరిట్ దూదితో రుద్దితే దూది నల్లబడింది, కింద మళ్ళీ నలుపే. ఇంకో నాలుగు దూదులైనా అంతే.

"కాలు కడుక్కోవడానికేం రోగం నీకు?"

"ఫ్లైఓవర్ కింద నల్లా ఏడుంది మేడం?"

పెరట్లో కుళాయి దగ్గరికి పంపితే గోడ దూకి పోతాడు. విజయదుర్గ ప్లాస్టిక్ టబ్బు, మగ్గు, సబ్బు తెచ్చి కిందనే గొంతుక్కూర్చుంది. ఒకరి కాళ్ళ ముందు ఇలా కూర్చోవడం ఆవిడకి రెండుసార్లే గుర్తు. కూతురి పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడిగినప్పుడు ఒకసారి, కాలనీకి స్వామివారొస్తే పాదపూజ చేసినప్పుడు ఒకసారి. నీళ్ళు పోస్తుంటే తట్టింది, ఆ కాళ్ళు రెండుసార్లూ ముందే శుభ్రంగా ఉన్నాయి. మురికి లేని కాళ్ళు కడిగి, నీళ్ళు నెత్తిన చల్లుకుంది. మరి ఈ నీళ్ళు? ఆ ఆలోచనకే డోకు వచ్చింది. మొహం గోడవైపు తిప్పి, మూడుసార్లు ఊపిరి పీల్చి, మళ్ళీ ఇటు తిరిగింది.

"పెండ్లికొడుకు లెక్క కూసున్న," అన్నాడు పాండురంగం పైనుంచి. "ఇత్తడి పళ్ళెమొక్కటే తక్వ."

"నోరు మూసుకుని కాలు కదపకుండా ఉండు."

మొదటి నీళ్ళు తారులా ఉన్నాయి. రెండోసారీ నలుపే. మూడోసారికి బూడిదరంగు వచ్చింది. చేతితొడుగుల మీదుగా కూడా ఆ జిగురు తెలుస్తోంది. నాలుగో మగ్గుకి చీలమండకి కాస్త ముందు, పాదం మీద, ఊదొత్తి పుల్లంత సన్నగా పచ్చటి గీత కనబడింది. వేలితో నొక్కి చూసింది. మెత్తగా లేచింది. బతికే ఉంది.

"షుగరు లేదు గద అని అడుగుతున్నరు," స్వర్ణలత లోపలినుంచే అరిచింది. "కాలు వాచిందా?"

"షుగరు లేదు. వాపు లేదు."

"ఒక్కపారి చూడమన్నరు. రాకపోతె ఇడిసిపెట్టమన్నరు."

కాలు పొడిగా తుడిచి, స్పిరిట్ పెట్టి, ఆరనిచ్చింది. చీలమండ పైన పట్టీ కట్టింది. పిల్లలకి వాడే అతి సన్న సూది తీసింది. పాండురంగం కుర్చీ అంచు పట్టుకున్నాడు. రోజుకి మూడుసార్లు పొడుచుకునే మనిషి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

గుచ్చింది. సూది వెనకున్న సన్న గొట్టంలోకి రక్తం ఎర్రగా పాకింది. గట్టిగా లాగితే నరం ముడుచుకుపోతుంది, అందుకని దారం వడికినంత నిదానంగా లాగింది. ట్యూబు నిండేసరికి ఆవిడ జాకెట్టు వీపున తడిసిపోయింది. పన్నెండూ యాభై.

విజయదుర్గకి సంతోషమేసింది. ఆ కంపులో, ఆ నల్లనీళ్ళ పక్కన చతికిలబడి, ఒక్క పోటుకే వచ్చిందని లోపల గర్వంగా అనుకుంది.

పాండురంగం దూది తీసి చూసుకున్నాడు. బొటనవేలితో ఆ నరాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తడిమాడు. అరువిచ్చిన వస్తువు తిరిగొస్తే సొట్ట పడిందేమోనని చూసుకున్నట్టు.

"ఉన్నది," అన్నాడు. "కరాబు గాలే. మంచి చెయ్యి మేడం మీది."

ఆ మెప్పు చెవిన పడ్డాక గాని తెలియలేదు ఆవిడకి. దేనికి మంచి చెయ్యి? ఇంకో గంటలో అతను అదే చోట పొడుచుకుంటాడు. అందుకోసమే అంత జాగ్రత్తగా కాపాడి అప్పజెప్పింది. ఇందాకటిదాకా అసహ్యం అతని కాలి దగ్గర ఉంది. ఇప్పుడది ఎక్కడుందో, దాన్ని ఏ సబ్బుతో కడగాలో అర్థం కాలేదు.

స్వర్ణలత ట్యూబుని ఐసు పెట్టెలో పెట్టుకుని, బండి కోసం సందు చివరికి పరుగెత్తింది. పాండురంగం మాత్రం కదల్లేదు. జేబులోంచి నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల నీళ్ళు కాదు, వాడిన సూదులు.

"స్వర్ణక్క లేదు గద. కొత్తయి మీరే ఇయ్యిన్రి."

ఒకరి సూది ఒకరు వాడకుండా, పాతవి తెచ్చినవాళ్ళకి కొత్తవి ఇవ్వడం అక్కడి పద్ధతి. నాలుగు నెలల్లో విజయదుర్గ ఆ బీరువా ముట్టలేదు. తాగుబోతుకి గ్లాసు అందించినట్టేనని ఆవిడ నమ్మకం. పరీక్ష తన పని, అది స్వర్ణలత పని.

"ఇవ్వనంటే?"

"పక్కోనిది తీసుకుంట." బస్సు లేకపోతే ఆటోలో పోతా అన్నట్టు చెప్పాడు, బెదిరింపేమీ లేకుండా.

పక్కవాడి సూదిలోంచి ఏమొస్తుందో ఇప్పుడే గొట్టం నిండా పట్టి పంపింది. వెళ్ళి బీరువా తెరిచింది. రెండు రకాలున్నాయి. చెయ్యి దగ్గరగా ఉన్న లావువాటి మీదికి పోయి ఆగింది. సన్నవి తీసింది.

"వీటితో చేసుకో. లావువి గుచ్చితే ఆ నరం పది రోజులుండదు," అంది. దూది గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పే గొంతుతోనే అంది. తన గొంతు తనకే వినబడింది.

"వచ్చే సోమవారం రిపోర్టు వస్తుంది," అంది వెంటనే. "గోళీలు రాయించుకోవడానికి నువ్వే రావాలి. స్వర్ణలత వెతుక్కుంటూ తిరగదు."

"ఒస్త." బూటు తొడుక్కున్నాడు. కడిగిన కాలు ఆ మురికి బూటులోకే వెళ్ళింది. "మీరుంటరా? వేరేటోళ్ళయితె నేను కాలియ్య."

విజయదుర్గ బీరువా మూసింది. భానుమూర్తికి చెప్పాల్సిన మాటలు, కార్తీకంలో మిగిలిన సోమవారాలు లెక్కకొచ్చాయి.

"ఉంటాను," అంది. అన్న మాట తనకే నచ్చలేదు.

అతను గేటు దాటాక టబ్బు ఎత్తి, ఒంటికి దూరంగా పట్టుకుని పెరట్లోకి మోసింది. ఊపిరి బిగబట్టి మోరీలో పోసింది. నీళ్ళు పోయాయి గాని, గచ్చు మీద నల్లటి తెట్టు నిలిచింది. ఇంకో చెంబు కొట్టింది, అయినా కదల్లేదు. కొంగు బిగించి చీపురు తీసుకుంది.