దొంగ గ్రహాల మేస్త్రి

మా ఆయన ఉద్యోగం దొంగ గ్రహాలు తయారు చెయ్యడం. అంతరిక్షంలోని టెలిస్కోపు పంపే నక్షత్రాల వెలుగు లెక్కల్లో, గ్రహం అడ్డొచ్చి వెలుగు కాస్త తగ్గినట్టు అక్కడక్కడా మార్చేస్తాడు. అలాంటి తగ్గుదలలను పట్టే సాఫ్ట్‌వేర్ రాసింది నేను. అది పట్టినవాటిలో ఏది నిజమో, ఏది దొంగదో తేల్చేవాళ్ళలోనూ నేనొకదాన్ని. మమ్మల్ని పరీక్షించడానికే ఈ దొంగాట. తాను కలిపినవేమిటో ఆయన ఆఖర్న అందరిముందూ చెప్పాలి, అందాకా నోరు విప్పకూడదు. ఇలాంటి మనిషితో కాపురం చేసి చూడండి, తెలుస్తుంది.

ఈసారి ఒక ఎర్ర నక్షత్రం దగ్గర చక్కటి తగ్గుదల దొరికింది. నిజమని ముందుగా గుర్తించినవాళ్ళ పేరుమీదే గ్రహాన్ని ప్రకటిస్తారు. ఇన్నేళ్ళలో నా పేరుమీద ఒక్కటీ లేదు. వెంటనే "నిజం" అని నొక్కబోయాను. కానీ మరీ నున్నగా, మరీ అందంగా ఉంది. అతివినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా?

"ఏమండీ, ఒక ఎర్ర నక్షత్రం భలే ఉందండీ," అన్నాను భోజనాల దగ్గర, ఆయన ముఖమే చూస్తూ.

నవ్వు వచ్చేసింది ఆయనకి. గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీ పనేనా?"

"నన్నడక్కే తల్లీ, ఉద్యోగం ఊడుతుంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా! పైగా కూనిరాగం తీస్తూ నా వంతు గిన్నెలు కూడా కడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు పక్క నక్షత్రం వెలుగు కలిసిందేమో చూశాను, కెమెరా వేడెక్కిందేమో చూశాను. ఏ లోపమూ దొరకలేదు. సాఫ్ట్‌వేర్ నిజమంది. నేను రాసిందే అయినా దాన్నీ నమ్మకుండా "దొంగది" అని నొక్కాను. పక్క సీటు పొడుగమ్మాయి "నిజం" అని నొక్కింది. పాపం, మేస్త్రి వలలో పడిందని జాలిపడ్డాను.

మధ్యాహ్నం మా ఆయన లేచి తన దొంగ గ్రహాలన్నీ చదివాడు. ఎర్ర నక్షత్రం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చూశాను. రాలేదు. అందరూ పొడుగమ్మాయికి చప్పట్లు కొట్టారు.

మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు. "మరి ఎందుకు నవ్వారండీ?"

"అది నేను పెట్టింది కాదని నాకు తెలుసు కదే. నీకు దొరికిందని సంతోషం పట్టలేకపోయాను."

ఆ పూట భోజనానికి ఆయన తన ముఖం నాకు కనబడకుండా కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. నాకు వెనకనుంచి ఆయన చెవులు కనిపిస్తూనే ఉన్నాయి. తల వంచుకుని తిన్నాను.