ఎడమ మీసం, కుడి మీసం

పాత ఇనుము లారీ పదకొండింటికే వచ్చి గేటు దగ్గర ఆగింది. కొలిమిని విప్పి తీసుకుపోవడానికి వచ్చింది. కాగితం మీద సంతకం ఇంకా పడలేదు, పన్నెండింటికి పడుతుంది. అయినా లారీ మాత్రం ప్రాణం పోకముందే గద్ద వాలినట్టు వచ్చి కూర్చుంది.

కిటికీలోంచి దాన్ని చూసి నిప్పుకోడి పళ్ళు కొరుక్కుంది. ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. బ్లేడ్ల ఫ్యాక్టరీలో పదేళ్ళుగా కొలిమి దగ్గరే నిలబడుతుందని తోటివాళ్ళు తగిలించింది. కార్బన్ ఉక్కు రిబ్బను ఆమె కొలిమిలోకి మెత్తగా వెళ్తుంది. ఎర్రగా కాలి, చల్లటి పలకల మధ్య ఒక్కసారిగా బిగుసుకుని, గాజులా గట్టిపడి బయటికొస్తుంది. పదును పెట్టేది వేరేవాళ్ళే గానీ, ఆ పదును నిలబడే ఓపిక ఉక్కుకి నేర్పేది ఆమె.

ఆ ఓపిక లేదని ఈరోజే తేలింది. తేల్చింది పరాయివాడు కాదు, సొంత మేనమామ.

ఆయన్ని ఫ్యాక్టరీ అంతా చెంప మావయ్య అంటుంది. ముప్పై ఏళ్ళుగా కంపెనీ తరఫున గడ్డం గీసుకోవడమే ఆయన ఉద్యోగం. ఆయన చెంప ఒప్పుకోనిదే ఒక్క పాకెట్టు కూడా గేటు దాటదు. పొద్దున తొమ్మిదింటికి ఆయనా, మరో నలుగురూ వరసగా కూర్చున్నారు. ఒక చెంపకి కార్బన్ బ్లేడు, రెండో చెంపకి కొత్తగా తేవాలనుకుంటున్న తుప్పు పట్టని స్టీలు బ్లేడు. ఏది ఏదో వాళ్ళకి చెప్పలేదు. మావయ్య ఎడమ చెంప మీద రెండు గీతలు గీసి రేజరు కింద పెట్టేశాడు.

"ఇది బ్లేడు కాదు, రంపం" అన్నాడు.

మిగతా నలుగురూ అదే మాట. వివరాల కాగితం తెరిచి చూస్తే, రంపం అన్నది కార్బన్ బ్లేడునే.

ఇప్పుడాయన పరీక్ష గదిలో ఒంటరిగా కూర్చుని తువ్వాలు మడతపెడుతున్నాడు. ఆమె తలుపు తోసుకుని వచ్చింది.

"బాగుంది మావయ్యా! నా కొలిమికి నీ చేత్తోనే కొరివి పెట్టావు."

"కొలిమి నీదే అమ్మాయ్. చెంప నాది. అది అబద్ధం చెప్పదు."

"అత్తయ్య కూర అమృతంలా ఉందని రోజూ చెబుతావుగా, మరి అదేంటి?"

"అది నోరు చెబుతుందే. చెంప కాదు." నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ ఆ బ్లేడు మాత్రం చెడ్డది."

తిట్టడానికి ఆమెకి టైము లేదు. ట్రేలో పారేసిన కార్బన్ బ్లేడొకటి తీసుకుని పక్కనున్న ల్యాబులోకి పరుగెత్తింది. మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది.

మంచి బ్లేడు అంచుని ఆమె వందసార్లు చూసింది. ఎప్పుడు చూసినా ఊపిరి ఆగేది. తెల్లవారుజామున గాలి లేని చెరువు ఒడ్డులాంటి ఒకే ఒక్క గీత. ఇటు వెలుగు, అటు చీకటి, మధ్యలో ఏమీ లేదు. ఇప్పుడు కనిపిస్తున్నది మాత్రం ఎలుకలు కొరికిన రొట్టె. గుంటలు. గుంటల చుట్టూ తేనెరంగు మరకలు.

తుప్పు!

రెండు గంటల్లో ఇంత తుప్పు రాదు. పైగా ప్రతి బ్లేడూ నూనె పూసుకుని, మైనం కాగితం కప్పుకుని కదా పాకెట్టులోకి వెళ్ళేది? ఆ నూనె ఏమైంది?

మేనేజరు గదికి మూడంగల్లో చేరింది. అన్నీ కొలిచి కొలిచి మాట్లాడతాడని ఆయనకి స్కేలు అని పేరు.

"సార్, పరీక్ష బ్లేడ్ల మీద నూనె లేదేం?"

"కడిగేశాంగా!" అన్నాడు స్కేలు గర్వంగా. "నిన్న సాయంత్రం నేనే స్వయంగా కడిగాను. వేడినీళ్ళు, సబ్బు. గుడ్డతో తుడిచి ఉత్త కాగితం కవర్లలో పెట్టాను. రెండు రకాలకీ సమానంగా!"

"సమానమే సార్. చేపనీ పిల్లినీ సమానంగా నీళ్ళలో ముంచారు. ఎవరిచ్చారీ సలహా?"

స్కేలు ఆమె వెనక్కి చూశాడు. గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"నేనే" అన్నాడు. "మన నూనె వాసన నాకు పది అడుగుల నుంచే తెలుస్తుందే. ఏది నీదో తెలిసిపోతే చెయ్యి నీవైపు మొగ్గుతుందేమోనని... కడిగేయమన్నాను." గోడ పట్టుకున్నాడు. "బ్లేడు ఆరబెట్టుకోండి, తడిగా వదలకండి అని ముప్పై ఏళ్ళుగా లోకానికి చెప్పినవాణ్ణి. నా కళ్ళకి గంతలు కట్టుకోబోయి దాని ఒంటిమీద బట్ట లాగేశాను."

ఎవరైనా మోసం చేసి ఉంటే ఆమెకి కోపం వచ్చేది. ఇది మోసం కాదు. మరీ ఎక్కువైన నిజాయితీ. దాన్నేం చేస్తాం? మావయ్య చెయ్యి పట్టుకుని మేడమెట్లు ఎక్కింది.

పదకొండున్నర. యజమాని పెద్దమ్మగారు పెన్ను మూత తీసి కూర్చున్నారు. డెబ్భై ఏళ్ళావిడ. ఇద్దరూ చెప్పింది విన్నారు, కిందికొచ్చి మైక్రోస్కోపులో చూశారు.

"సరే. తప్పు బ్లేడుది కాదని తేలింది. కానీ గొప్పదని తేలలేదే?"

"మళ్ళీ పరీక్ష పెట్టండమ్మా."

"ఎవరి మీద? ఐదుగురూ నున్నగా గుడ్డుల్లా ఉన్నారు. నేను పన్నెండున్నరకి బయల్దేరాలి. సాయంత్రం స్టీలు బ్లేడ్ల యంత్రాలవాళ్ళకి మాటివ్వాలి."

నిప్పుకోడి వెంట వచ్చిన స్కేలు గడ్డం వైపు చూసింది. ఆయన చప్పున చేతులతో కప్పుకుని, "పొద్దున్నే ఇంట్లో గీసుకొచ్చాను" అన్నాడు.

"లారీ డ్రైవరుకి గడ్డముంది!" అందామె.

"అతని చెంపకి ఏం తెలుసే?" అన్నాడు మావయ్య. "వెంట్రుకలు ఇక్కడే ఉన్నాయి."

ఆయన వేలు మీసం మీద ఆగింది.

గదిలో అందరూ నోళ్ళు తెరిచారు. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న మీసం అది. గోధుమగడ్డిలా బిరుసుగా, రెండు కొసలూ పైకి తిరిగి ఉంటుంది. పందెం ఓడితే సగం మీసం తీయించుకుంటానని జనం ఊరికే అంటుంటారు. పందెం కట్టడానికే మీసం ఒడ్డినవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

"వద్దు మావయ్యా. అత్తయ్య నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"ముందు నన్ను రానివ్వాలిగా! కత్తెర తే."

పెద్దమ్మగారు రెండు రకాల కొత్త పాకెట్లూ తెప్పించుకుని, తలుపేసుకుని తానే రేజర్లలో బిగించారు. బయటికొచ్చి, "నువ్వు ఈ అమ్మాయికి మేనమామవి. నీ మాట నేనెలా నమ్మను?" అని సూటిగా అడిగారు.

"పొద్దున నమ్మారుగా అమ్మా. అప్పుడూ మేనమామనే."

ఆవిడ తువ్వాలు అందించారు.

ఆయన కత్తెరతో మీసం పొట్టి చేసుకుని, కళ్ళకి తువ్వాలు కట్టుకున్నాడు. ముక్కుకి ఫైలు క్లిప్పు పెట్టించుకున్నాడు. నురుగు రాసుకుని చెయ్యి చాపాడు. మొదటి రేజరు ఆ చేతిలోకి వచ్చింది.

ఎడమ పక్క. ఒక గీత.

చప్పుడు లేదు. నిప్పుకోడి చెవులు రిక్కించింది. నేలమీద మబ్బు నీడ జారితే ఎంత చప్పుడవుతుంది? అంతే. నురుగు ఉన్నచోట ఒక్కసారిగా చర్మం ఉంది. రెండో గీత. మూడో గీత. ముప్పై ఏళ్ళుగా ఎవరూ చూడని పెదవి, అప్పుడే పుట్టినట్టు బయటపడింది.

రెండో రేజరు. కుడి పక్క. సర్... సర్... మని సన్నటి చప్పుడు. అదీ మంచి బ్లేడే, చర్మం తెగలేదు, గుచ్చలేదు. కానీ ఏడు గీతలు పట్టింది. పెద్దమ్మగారు పైకే లెక్కపెట్టారు.

"చెప్పు" అన్నారు.

"మొదటిది మాది" అన్నాడు మావయ్య ముక్కు మూసుకుపోయిన గొంతుతో. "ఇంకో మాట. అది పొద్దున పూట కొలిమిది కాదమ్మా, మధ్యాహ్నం పూటది. పొద్దున కొలిమి కాస్త మొండిగా ఉంటుంది, మధ్యాహ్నానికి దారికొస్తుంది. బ్లేడు అంచులో ఆ తేడా ఉంటుంది."

పెద్దమ్మగారు మెల్లగా పాకెట్టు తిప్పి అడుగున కొట్టిన ముద్ర చూశారు. తర్వాత నిప్పుకోడికి చూపించారు. రెండో పూట ముద్ర.

మధ్యాహ్నానికి కొలిమి గుణం మారుతుందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏ మీటరూ దాన్ని పట్టుకోలేదు. పదేళ్ళుగా తనకొక్కదానికే తెలిసిన రహస్యం అనుకుంది. గోడకి అవతల కూర్చుని ఈ మనిషి ప్రతి ఉదయం దాన్ని చెంప మీద చదువుతూనే ఉన్నాడు.

పెద్దమ్మగారు భూతద్దం తీసుకుని ఆయన పై పెదవిని చాలాసేపు చూశారు. "రెండోది చెడ్డదా మరి?"

"చెడ్డదెలా అవుతుందమ్మా? వారం రోజులు తడిలో పడేసినా తుప్పు పట్టదు. బద్ధకస్తులకి అదే దేవుడు. మాది పక్కన కూర్చుని చూసుకునేవాడికి."

ఆవిడ గట్టిగా నవ్వారు. కాగితం మీద కొలిమి గురించి రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, మిగతా దాని కింద సంతకం చేశారు. "కొత్త యంత్రాలూ వస్తాయి, కొలిమీ ఉంటుంది. పాకెట్టు మీద పెద్ద అక్షరాలతో వేయించండి, వాడాక ఆరబెట్టమని. స్కేలూ, ముందు నువ్వు చదువు దాన్ని."

పన్నెండుకి ఐదు నిమిషాలు ఉందనగా లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది.

నిప్పుకోడి కొలిమి మంట పెంచింది. రిబ్బను కదిలింది. మావయ్య పెదవి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అత్తయ్య గుర్తుపడుతుందంటావా?"

"పట్టకపోతే కొత్త మొగుడు అనుకుంటుంది. ఇంకా మంచిది."

ఆయన జేబులోంచి ఆ మొదటి బ్లేడు తీశాడు. తుడవలేదు. నీళ్ళు విదిలించి, వెచ్చటి గట్టు మీద ఆరనిచ్చి, ఒక్క నూనె చుక్క వేశాడు. తర్వాత దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కొలిమి వెలుగులోకి ఎత్తాడు. ఇటు తిప్పితే నిప్పులా మెరిసింది. అటు తిప్పితే చీకటైంది. సరిగ్గా అంచు తన కళ్ళవైపు తిరిగినప్పుడు ఆమె కళ్ళార్పకుండా చూసింది.

మావయ్య రెండు వేళ్ళ మధ్య అక్కడ ఏమీ లేదు.