ఇంకని నీళ్లు

స్నానం చేసిన నీళ్లు గొట్టంలోకి పోకూడదు. తొట్టిలో పట్టి, బకెట్లకు తోడి, పెరట్లో పారబొయ్యాలి. ఇంటిల్లిపాదీ స్నానాలయ్యాక ఆ మురుగు మొయ్యడం కోడలి వంతు. మోసేది ఒక్కతే అయినా ఆ ఇంట్లో దాన్ని వంతు అనే అంటారు.

"గోడ తడపకు, చెమ్మెక్కుతుంది," అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

సెప్టిక్ ట్యాంకు తోడించిన కొద్దిరోజులకే మళ్లీ నిండి, బాత్రూములోకి గుడగుడమంటూ వెనక్కి తన్నేది. ట్యాంకులోంచి పొర్లిన నీళ్లు గొట్టాల గుండా ఇంటి ముందు నేలలో కంకర పరిచి పూడ్చిన కాలువల్లోకి పోయి ఇంకాలి. సరిగ్గా వాటి మీదే భర్త కారు కోసం గచ్చు చేయించాడు. కారు బరువుకు లోపలి గొట్టాలు చితికిపోయాయి. పైన గచ్చు మాత్రం అద్దంలా ఉంది, చుట్టాలు మెచ్చుకున్నారు కూడా.

తవ్విద్దామని ఆమె అంటే, "నీళ్లు తగ్గించుకుంటే పోయేదానికి గచ్చు పగలగొట్టాలా?" అన్నాడు. తగ్గించుకోవలసింది ఎవరో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అత్త మాత్రం చెప్పింది. "నీకు ఆఫీసులో బాత్రూము ఉంది కదమ్మా. మోకాళ్లు పోయినదాన్ని, నేనెక్కడికి పోను?"

అందులో అబద్ధమేం లేదు. అందుకే ఆమె పొద్దున లేచింది మొదలు ఆపుకుని, బస్సు కుదిపినప్పుడల్లా పళ్లు బిగబట్టి, ఊడ్చేవాళ్లకంటే ముందే ఆఫీసు చేరేది. పని మీద ఎంత శ్రద్ధో చూడండని ఆఫీసరు మీటింగులో చప్పట్లు కొట్టించాడు. ఆమె తల వంచుకుంది. సాయంత్రం ఇల్లు చేరాక మంచినీళ్లు ముట్టేది కాదు. పొయ్యి సెగకు నాలుక పిడచకట్టుకుపోతున్నా గ్లాసు వైపు చూసి ఊరుకునేది. అందరూ ఎదురుచూసే సెలవురోజంటే ఆమెకు గుండె దడ. చివరికి మంట మొదలైంది, చలిజ్వరం వచ్చింది. బాగా నీళ్లు తాగమనీ, ఆపుకోవద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త, "వాళ్లు అందరికీ అదే చెబుతారు," అన్నాడు. మాత్రలు వేసుకోవడానికి కూడా ఆమె గుక్కెడు నీళ్లే తాగింది.

బాత్రూము మళ్లీ పొంగింది. ఈసారి అత్త కాలు జారబోయింది కాబట్టి మేస్త్రి వచ్చాడు.

"పెరట్లో ఇంకుడుగుంత తవ్వు, బట్టలారేసే చోట," అన్నాడు భర్త.

"ఎక్కడైనా తవ్వుతా సార్. చోటు మీరే చూపించండి."

"అక్కడ ఇంకదు," అంది ఆమె. తడి బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. "జానెడు మన్ను దాటితే రాయే. నేను పోసినవి పోసినట్టే నిలబడుతున్నాయి."

"నీకేం తెలుసు?"

"రోజూ పోసేది నేనే కదా."

భర్త మేస్త్రి వైపు చూసి నవ్వబోయాడు. మేస్త్రి నవ్వలేదు. మంచం మీంచి అత్త, "ఎక్కడో ఒకచోట కానివ్వరా, నాయనా," అంది.

ఆమె బకెట్టు కింద పెట్టి ఇంటి ముందుకు నడిచింది. మెరుస్తున్న గచ్చు మీద కాలు ఆనించి, "ఇక్కడ పగలగొట్టు, మేస్త్రీ," అంది.

"మరి నా కారెక్కడ పెట్టను?" భర్త గొంతు లేచింది.

అరవడానికి ఆమెకు ఓపిక లేదు.

"వీధిలో పెట్టుకోండి. దానికి ఆపుకునే పని లేదుగా."